ఎర్ర తువ్వాలు కట్టిన సొరబుర్రలు

ఆ రోజుల్లో నీళ్ళు కొలవడం కూడా ఒక ఉద్యోగమేనని మా ఇంట్లో మా నాన్నకి తప్ప ఎవరికీ తోచలేదు. "పాలు కొలిచేవాళ్ళని చూశాం గాని, వాగులో నీళ్ళు కొలిచేవాడికి పిల్లనెవరిస్తార్రా?" అంది మా మేనత్త. (ఆవిడకొక కూతురుందన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.) యుద్ధం అయిపోయిన కొత్తలు. కృష్ణ మీద పెద్ద జలాశయం కట్టడానికి వీలుంటుందా అని సర్వేలు జరుగుతుండేవి. నదిలో కలిసే ఒక్కో వాగూ వరదలో ఎంత నీరు తెస్తుందో తేల్చాలి కదా, అందులో రెంటచింతలకి అవతలనున్న ఒక వాగు నా వంతుకి వచ్చింది. నేను తెనాలి వైపు కాలవల మధ్య పెరిగినవాణ్ణి. లాకులెత్తితే వచ్చి, దించితే ఆగేవే నీళ్ళని నా నమ్మకం. పల్నాటి వాగుకి ఆ మర్యాదలేవీ తెలియవు. ఏడాదిలో పది నెలలు అది మేకలు నడిచే దారి. ఎక్కడో మాచర్ల కొండల్లో వాన కురిస్తే, ఇక్కడ మన నెత్తిన ఎండ మాడుతుండగానే రెండు నిలువుల నీరు వచ్చి, మూడు నాలుగు గంటల్లో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది.

మొదటి ఏడు నేను క్షవరం చేయించుకోవడానికి గురజాల వెళ్ళిన రోజునే వరద వచ్చి వెళ్ళిపోయింది. నున్నటి గెడ్డంతో తిరిగి వచ్చేసరికి ఒడ్డున తుప్పలకి పట్టిన బురద తప్ప నాకేమీ మిగల్లేదు. మా సూపర్వైజరు గారు ఆ బురదనీ, నా గెడ్డాన్నీ మార్చి మార్చి చూసి, "వచ్చే ఏడు వరద లెక్క పంపు, లేదంటే నువ్వే ఇంటికి వెళ్ళు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. అందుకని రెండో ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచి నేను వాగు ఒడ్డు వదిలితే ఒట్టు. ఒడ్డునే పాక, పాకలోనే మకాం. అర మైలు దిగువనున్న పల్లె నుంచి ఒక పెద్దమ్మ రోజూ జొన్న సంగటి, గోంగూర పచ్చడి మోసుకొచ్చి పెట్టేది. ఆవిడ నాకు బంధువు కాదు, ఊరందరికీ పెద్దమ్మే. మాసిన గెడ్డంతో, మెడలో తాడుకి వేలాడే స్టాప్ వాచీతో కూచున్న నన్ను చూసి, "వాగునేమన్నా పెళ్ళాడతన్నావా ఏందిరా అబ్బాయ్?" అనేది. నేను నవ్వేవాణ్ణి కాదు. ఈసారి వాగు రావాలి, నేను ఉండాలి, అంతే.

వరద వేగం కొలిచే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒడ్డున మూడు వందల అడుగుల దూరంలో సున్నం కొట్టిన గుంజలు రెండు పాతాం. ఎగువ గుంజ దగ్గర తేలే వస్తువొకటి నీళ్ళలో వదిలి, అది దిగువ గుంజని దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకోవాలి. వాగు వెడల్పు, లోతు కొలతలు ఎండాకాలంలోనే తీసి పెట్టుకున్నాం కాబట్టి మిగతాదంతా గుణకారమే. ఆఫీసు వాళ్ళు కర్రముక్కలు వదలమన్నారు. వరదలో ఎలాగూ సగం అడవి కొట్టుకొస్తుంది, అందులో నా కర్ర ఏదో ఎలా తెలుస్తుంది? దిగువ గుంజ దగ్గర నిలబడి గొంగళి ఊపడానికి ఒప్పుకున్న గొర్రెల తాత దీనికి ఉపాయం చెప్పాడు. "ఎండిన సొరబుర్రలైతే నీటి మీద నిలబడి పోతయ్ బాబూ. జంటగా కడితే దొర్లకుండా పోతయ్." మాకు తొమ్మిది జంటలు దొరికాయి. తాత తనకి అలవాటైన ముడే వేసి కట్టాడు. బురదనీళ్ళలో బుర్రలు దూరానికి ఆనవేమోనని నేను ఇంకాస్త తెలివి ఉపయోగించి, రోజూ నా భుజం మీద ఉండే ఎర్రంచు తువ్వాలుని పీలికలుగా చింపి, జంటకొకటి జెండాలా కట్టాను. అంత తెలివి నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

భాద్రపదంలో ఒకరోజు మధ్యాహ్నం రానే వచ్చింది. ముందు చప్పుడు, తర్వాత నురగ, ఆ వెనక నీళ్ళు. నీటి మట్టం చూపే గేజి రాయి మీద అడుగుల అంకెలు ఒక్కొక్కటే మునుగుతుంటే నా గుండె నా కంటే ముందు పరిగెత్తింది. నీరు పెరుగుతుండగా అయిదు జంటలు వదిలాను. తాత గొంగళి ఊపడం, నేను వాచీ నొక్కడం, పుస్తకంలో రాయడం, అంతా గడియారంలా సాగింది. నీరు పన్నెండో అడుగు దగ్గర నిలిచింది. అసలైన కొలత అదే, వరద శిఖరం. ఆనకట్ట కట్టేవాళ్ళకి కావలసింది ఆ ఒక్క అంకే. ఎడమ ఒడ్డున రెండు జంటలు, కుడి వైపున ఒకటి వదిలి, చివరి జంటని నడివాగు కోసం అట్టే పెట్టుకున్నాను. బండ మీద నిలబడి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. సరిగ్గా నడిమధ్య పడింది. పది, పదిహేను, ఇరవై... గొంగళి లేవలేదు. పాతిక. లేవలేదు. తల తిప్పి చూద్దును కదా, దిగువ గుంజ చుట్టూ పాతికమంది జనం! ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. మధ్యలో ఇద్దరు మా తాతని కావలించుకుని ఏడుస్తున్నారు.

జరిగిందేమిటంటే, పల్నాటిలో వాగు పొంగినప్పుడు దాటవలసి వస్తే, చేవగల మగవాడు రెండు సొరబుర్రలు నడుముకి కట్టుకుని ఈదుతాడు. కట్టే ముడి కూడా అదే. మనిషి మునిగిపోతే బుర్రలు మాత్రం కొట్టుకొస్తాయి. పల్లెలో జనం వరద చూడ్డానికి ఒడ్డుకి చేరితే, ఎగువ నుంచి మనిషి లేని బుర్రలు జంటలు జంటలుగా వచ్చాయి. మొదట ఊళ్ళో తలలు లెక్క పెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. అంతలో పెద్దమ్మ ఆ ఎర్ర పీలికలు పోల్చుకుంది. ఇన్ని బుర్రలెందుకని ఎవరో అంటే, ఈత రాని డెల్టా పిల్లోడు, భయానికి ఎన్ని కట్టుకున్నాడో అనుకున్నారట. (ఈత రాదన్న మాట నిజమే.) గుంజ దగ్గర తాత చెప్పబోయిన మాట ఆ ఏడుపుల్లో ఎవరికీ వినపడలేదు. అలా నేను చచ్చిపోయానని తీర్మానం అయిపోయింది.

ఇవేవీ నాకప్పుడు తెలియవు. నాకు తెలిసిందల్లా చివరి బుర్రల జంట లెక్కకి అందకుండా పోయిందనే. వాచీ చేత్తో పట్టుకుని బురదలో జారుతూ, లేస్తూ వాళ్ళ మీదికి పరిగెత్తాను. నన్ను చూసి ఏడుపులు ఒక్కసారిగా ఆగాయి. "ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? గుంజ దగ్గర్నించి తప్పుకోండి!" అని అరిచాను. గుంపులోంచి బారెడు బాబాయి ముందుకొచ్చాడు. చేతులు బాగా పొడుగని అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. ఒళ్ళంతా బురద, మోచేతులు ముళ్ళతుప్పలకి చీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. చంకలో ఎర్ర పీలిక కట్టిన నా బుర్రలు.

"బతికే ఉన్నావా అబ్బాయ్? నీ కోసరం నడివాగు దాకా పోయినా. బుర్రలే చిక్కినయ్ గాని నువ్వు చిక్కలా" అన్నాడు రొప్పుతూ.

నేను ఆయన మోచేతులు చూడలేదు. బుర్రలనే చూశాను. "ఇవి గుంజ దాటాకనే కదా పట్టుకున్నావు?" అని అడిగాను.

చెంప పగిలింది. కొట్టింది పెద్దమ్మ. "ఏం మనిషివిరా నువ్వు! వానికి ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. నువ్వు పోతన్నావని ఎనకాముందు సూడకుండా దూకినాడు. నీకు లెక్కలు కావాల్నా?" అని, మళ్ళీ ఏడుపందుకుంది. ఈసారి నేను బతికున్నందుకు ఏడ్చింది. అప్పుడు కనిపించింది నాకు ఆయన మోచేతి నెత్తురు. సిగ్గుతో చచ్చిపోయాననడం మామూలుగా అనే మాటే గాని, ఆ క్షణంలో ఊరు అనుకున్నదే నిజమైతే బాగుండుననిపించింది. ఆయన కాళ్ళ దగ్గరే బురదలో కూలబడి, ఉన్న సంగతంతా చెప్పేశాను. ఈ కొలత పోతే నా ఉద్యోగం పోతుందనీ, మళ్ళీ ఏడాది దాకా వాగు రాదనీ, ఇక వదలడానికి ఆయన చంకలోని జంట తప్ప బుర్రల్లేవనీ.

గొర్రెల తాత గేజి రాయి వైపు చూసి, "నీళ్ళింకా తియ్యలా. ఆణ్ణే, పన్నెండు కాడే ఉన్నయ్" అన్నాడు. బారెడు బాబాయి నా బుర్రలతో పాటు, తను నడుముకి కట్టుకున్నవి కూడా విప్పి, "ఏందబ్బాయ్ సూస్తావు, వెయ్యి మరి" అంటూ నా చేతిలో పెట్టాడు. నన్ను వెతకడానికని మగవాళ్ళు తెచ్చుకున్న బుర్రలు ఇంకో నాలుగు జంటలున్నాయి. అవీ వచ్చాయి. నా శవానికని తెచ్చిన తాడుని గుంజ నుంచి నీటిదాకా గీత గీసినట్టు సూటిగా పరిచి, ఆ గీత వెంట జనాన్ని నిలబెట్టాను. ఎగువ గుంజ దగ్గరికి పోయి నేను విసిరాను. బుర్రలు గీత దాటగానే ఊరు ఊరంతా "దాటె!" అని అరిచింది. అరుపు అంత గట్టిగా ఉంటే గొంగళితో పనేముంది? నడివాగులో మూడుసార్లు వేస్తే మూడుసార్లూ దాదాపు ఒకే లెక్క వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే పెద్దమ్మ అందరికంటే గట్టిగా అరిచింది.

నాలుగు రోజుల తర్వాత సూపర్వైజరు గారొచ్చి, ఒడ్డున బురద గీత సరిచూసి, పుస్తకం తిరగేశారు. చివరి జంటకి ఎదురుగా నేను 'జనం అడ్డువచ్చుటచే కొలత విఫలం' అని రాసిపెట్టాను. "ఈ అడవిలో జనమెక్కణ్ణించి వచ్చారయ్యా?" అని అడిగారు. "నా కోసం ఏడవడానికి వచ్చారండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, నన్ను చాలాసేపు చూసి, ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టేశారు. నా ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత చాలా నదులు కొలిచాను. మంచి పరికరాలు వచ్చాయి, నా కింద మనుషులూ వచ్చారు, వాళ్ళ లెక్కలు తప్పితే కేకలు కూడా వేశాను. అయినా వాగు ఒడ్డున మాసిన గెడ్డంతో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. తన కోసం జనం గుండెలు బాదుకుంటూ రావడం బతికుండగా కళ్ళారా చూసే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి? నాకు ఇరవై రెండేళ్ళకే దక్కింది. నేనేమో వాళ్ళని పక్కకి తప్పుకోమన్నాను.