ఉమ్మకూడని చేదు

సొరకాయ అంటే నాకు భయం. నవ్వేవాళ్లు నవ్వుకోండి. పామును చూసినా ఇంత భయపడను. మార్కెట్లో ఎవరైనా లేత సొరకాయను గోటితో గిచ్చి చూస్తుంటే, ఆ గోరు నాలుకకు కూడా తగిలించి చూడమ్మా అని చెప్పాలనిపిస్తుంది. ఒకామెకు చెప్పాను కూడా. ఆమె నన్ను ఎగాదిగా చూసి పక్క కొట్టుకు పోయింది.

మాది ధర్మవరం, మగ్గం మీద బతికే ఇల్లు. నాయన ఏళ్ల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేశాడు. చక్కెర జబ్బొచ్చి చూపు మందగించాక మగ్గం నా చేతికొచ్చింది. పని లేకుండా కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. ఎవరో పిలిస్తే ధ్యానం క్లాసుకు పోయాడు, వేరే మనిషై తిరిగొచ్చాడు. పొద్దున్నే చాప పరిచి అమ్మనూ నన్నూ కూర్చోబెట్టేవాడు. శ్వాస మీద ధ్యాస పెట్టాలి. ఆయన చేతిలో చిన్న ఇత్తడి గంట ఉండేది. అది ఒకసారి మోగితే కళ్లు మూసుకోవాలి, మళ్లీ మోగేదాకా తెరవకూడదు, కదలకూడదు, ఏ చప్పుడు వినపడినా దాని దారిన దాన్ని పోనివ్వాలి. దోమ కుట్టినా సరే. నాకైతే కళ్లు మూసుకుంటే తెగిన పోగులే కనపడేవి.

ధ్యానం వెనకాలే వంట వచ్చింది. ఆయుర్వేదంలో ఏది వేడి, ఏది చలువ, ఏది దేంతో కలిపి తినకూడదు అని వినొచ్చి, ఏకంగా వంటింట్లోకే దిగాడు. పెళ్లయిన నాటి నుంచి మంచినీళ్లు కూడా తనకు తాను ముంచుకు తాగని మనిషి. ఉప్పు డబ్బా ఎక్కడుందో రోజూ అడిగేవాడు. అమ్మ గడప మీద కూర్చుని ఆయన్నే చూస్తూ ఉండేది. కొర్రన్నం మాడినా తినేది, ఉప్పు మరిచినా తినేది, అన్నిటికీ "బాగుండాది" అనేది. "ఏం బాగుండాది మా, గడ్డి తిన్నట్టుండాది" అని నేనంటే, "నోర్మూసుకొని తినుమే" అని గదమాయించేది.

ఆ ఉగాదికి నాయన ముందే తేల్చి చెప్పేశాడు. నూనెలో వేయించేది లేదు, చక్కెర ముట్టుకునేది లేదు. కొర్రల పొంగలి, నానబెట్టిన పెసరపప్పు, నెయ్యి వేసిన బెల్లం బొబ్బట్లు, మేం ఓళిగలంటాం. అన్నిటికన్నా ముందు, ధ్యానానికి కూర్చునేముందే, సొరకాయ రసం తాగాలి. ఒంటికి చలువ, మనసుకు నిమ్మళం అట. సొరకాయ మా పెరట్లోదే. ఆ ఏడు వానల్లేవు, బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్లతో నెట్టుకొస్తున్నాం. బియ్యం కడిగిన నీళ్లు పోసి నాయన ఆ తీగను బతికించాడు. తీగ సగం ఎండిపోయి ఒక్క కాయే నిలిచింది. దాని మీద ఎండ పడకుండా పాత పంచె కూడా కప్పేవాడు.

పండగ పొద్దున తలకు పోసుకుని, వేపపూతతో పచ్చడి కలిపి, ఆ కాయ తురిమి రసం పిండాడు. పుదీనా, మిరియాల పొడి వేశాడు. రుచి మాత్రం చూడలేదు. మా ఇంట్లో దేవుడికి పెట్టబోయేది ఎవరూ నోట పెట్టరు, ఎంగిలైపోతుంది. అమ్మ ఇన్నేళ్లూ పండగ వంటలో ఉప్పు కళ్లతోనే కొలిచింది. నాయన కూడా ఆ పద్ధతే పట్టాడు. దేవుడికి నైవేద్యం పెట్టి, మాకు చెరో గ్లాసు పోసిచ్చాడు. పూజ చేసినవాణ్ని కాబట్టి తను ధ్యానం అయ్యాకే తాగుతానని తన వాటా చెంబులో ఉంచుకున్నాడు.

ఆనవాయితీ కొద్దీ ముందు పచ్చడి తిన్నాం. తర్వాత నేను రసం నోట్లో పోసుకున్నాను. నాలుక వెనక్కి ముడుచుకుపోయింది. వేపపూత చేదు నాకు తెలుసు, ఏటా తింటున్నదే. ఇది అది కాదు. పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చాను.

"నాయనా, ఇది తాగేది కాదు. విషం మాదిరుండాది."

"పండగ పూట ఏం మాటలే అవి. ఉగాది నాడు చేదు ఉమ్ముతారా ఎవరన్నా? మందు చేదుగాక తియ్యగుంటాదా?"

"చేదుకూ ఒక హద్దుండాది గదా."

"మీ యమ్మను చూసి నేర్చుకో. తాగలా?"

చూస్తే అమ్మ గ్లాసు ఖాళీ. ముఖం కూడా చిట్లించలేదు. కొంగుతో మూతి తుడుచుకుని "బాగుండాది" అంది. నేను నా గ్లాసు కిటికీలో పెట్టేశాను. నాయన గంట కొట్టాడు.

పండగ కాబట్టి వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. అందుకే అమ్మ ఊపిరి అంత బాగా వినపడింది. కాసేపు మామూలుగానే ఉంది. తర్వాత పొట్టిపొట్టిగా తెగసాగింది. ఆమె ఏదో మింగుతున్న చప్పుడు. కాస్త ఆగి మళ్లీ అదే. పోనివ్వాలి, చప్పుడును పోనివ్వాలి అనుకున్నాను. అది పోలేదు. అమ్మ గాజులు గలగలమన్నాయి. ధ్యానంలో ఆమె చేతులు ఎప్పుడూ కదలవు. కళ్లు తెరిచేశాను.

అమ్మ కళ్లు మూసుకునే ఉంది. ముఖమంతా చెమట. పెదాలు పాలిపోయాయి. రెండు చేతులతో పొట్ట అదుముకుని, పళ్లు బిగబట్టి, గంట మోగడం కోసం ఆగుతోంది.

"మా" అని పిలిచాను. ఆ పిలుపుకే తట్టుకోలేనట్టు ముందుకు వంగి చాప మీద వాంతి చేసుకుంది. అందులో నెత్తురు చారలున్నాయి. నాయన చేతిలోంచి గంట జారి నేల మీద పడి మోగింది.

ఆటోలో అమ్మ తల నా ఒళ్లో. చేయి చల్లగా ఉంది. మాటిమాటికీ రెప్పలు వాలిపోతుంటే, "కళ్లు మూయద్దు మా, నన్ను చూడు" అని చెంపలు తడుతూనే ఉన్నాను. నాయన డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరగనే లేదు.

డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. చెప్పాను.

"చేదుగా ఉందా?"

"శానా."

"నీళ్లు చాలక, ఎండకు సొరకాయ ఒక్కోసారి విషమెక్కుతుందమ్మా. చేదు తగిలితే ఉమ్మేయాలి. కోసినప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడలేదా ఎవరూ?" డాక్టరమ్మ అమ్మ చేతికి పట్టీ చుట్టి చూసింది. "బీపీ బాగా పడిపోయింది. రేపు తెల్లారేదాకా నేనేమీ చెప్పలేను."

సెలైన్ ఎక్కుతుండగా తిరిగి చూస్తే నాయన లేడు. వరండాలో లేడు, బయట టీ కొట్టు దగ్గరా లేడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో చెంబు అలాగే ఉంది. ధ్యానం అయ్యాక తాగుతానన్నాడు. మా నాయన మొండితనం నాకు తెలుసు. అమ్మను నర్సుకు అప్పగించి, ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తాను. దారంతా ఎవరి కోసం ముందు మొక్కుకోవాలో తెలియలేదు.

తలుపు బార్లా తెరిచి ఉంది. వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చెంబు. పెదాలు తడిగా ఉన్నాయి.

"తాగినావా?"

"లేదు పాపా. నాలిక్కి తగిలించినా."

"నిజం చెప్పు నాయనా."

"నిజమే. నోట్లో నిలవలేదు, ఉమ్మేసినా." చెంబులోకి తొంగి చూశాడు. "ఇంత చేదు ఆమె ఎట్ల మింగిందే?"

చెంబు లాక్కుని, కిటికీలో గ్లాసు కూడా తీసి, రెండూ తూములో పారబోశాను. ఆయన అడ్డం రాలేదు. చెయ్యి పట్టి లేపితే చిన్నపిల్లాడిలా నా వెంట వచ్చాడు.

అమ్మ బతికింది. కాస్త మాట్లాడగలిగిన రోజున, మంచం పక్కన కూర్చున్న నాయన మళ్లీ అదే అడిగాడు.

"ఎట్ల తాగినావే? ఉమ్మేసింటే సరిపోయేది గదా."

అమ్మ పైకప్పు వైపే చూస్తూ చెప్పింది. "ఇన్నేండ్లలో ఒక గ్లాసు నీళ్లు నువ్వు నా చేతికిచ్చినోడివి కాదు. పండగ పూట నీ చేత్తో చేసి, నాకు ముందిస్తివి. యాడ ఉమ్మేది?"

నాయన ఏడ్వడం నేను చూసింది అప్పుడే. ఆస్పత్రి దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఇప్పటికీ వంట ఆయనదే. కాని ఏది కోసినా ముందు ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఆగి, అప్పుడే పొయ్యి మీద వేస్తాడు. పండగ నైవేద్యమైనా అంతే. దేవుడికి ఎంగిలి పెడుతున్నావని వీధిలో ఒకరిద్దరు అననే అన్నారు. పెడితే పెడతానప్పా, ఆ పాపం నాదే అన్నాడు.

ఈ ఉగాదికి బూడిదగుమ్మడి రసం చేశాడు. రెండుసార్లు రుచి చూసి అమ్మకిచ్చాడు. ఆమె గ్లాసులోకి కూడా చూడకుండా గటగటా తాగేసి "బాగుండాది" అంది. గంట మోగింది. నా శ్వాస నేనెప్పుడూ పట్టించుకోను, అమ్మదే వింటాను. ఏ తేడా లేకపోయినా ఉండబట్టలేక కళ్లు తెరిచాను. అమ్మ నిమ్మళంగా కూర్చుని ఉంది. ఎదురుగా నాయన, గంట గుప్పిట్లో పట్టుకుని, రెప్ప వేయకుండా ఆమె ముఖమే చూస్తున్నాడు.