రెండు రాజుల చెయ్యి

మా మేనత్త పోయింది. పోయిన వారం ములకలపల్లి నుంచి వచ్చే పొద్దుటి బస్సు మా బడి ముందు ఆగింది. కండక్టరు దిగకుండానే చెప్పాడు, "పంతులమ్మా, మీ అత్త పాణం పోయిందట, జల్దీ రమ్మన్నరు." హాజరు పిలుస్తున్నదాన్ని తరువాతి పేరు మరిచిపోయి నిలబడ్డాను. పిల్లలే నా సంచీ తెచ్చి చేతికిచ్చి బస్సెక్కించారు.

పోయినవాళ్లందరినీ మంచివాళ్లనడం లోకం తీరు. మా అత్తను ఉత్త మంచిదంటే ఆమే ఒప్పుకోదు. మొండి ఘటం. కూరలో ఉప్పు తక్కువైందంటే ఇంకో గరిటె వడ్డించి, ఇప్పుడు సరిపోయిందా అని అడిగే రకం. పెళ్లయి కొత్తగూడెం వెళ్లి, మామయ్య చనిపోయాక మా ఇంటికి వచ్చేసింది. పిల్లల్లేరు. మా నాయన ఆమెకు అన్న. అన్నకు చెల్లెలంటే ప్రాణమే, కానీ ఇల్లు నాయనది, మాట కూడా నాయనదే. ఆమె వెంట తెచ్చుకున్న ఆస్తల్లా ఒక పేకముక్కల కట్ట.

చదివేవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు బుద్ధి నేర్పింది పేకాటే. ముసురు పట్టి చేనులోకి అడుగు పెట్టలేని మధ్యాహ్నాల్లో అత్త, అమ్మ, నాయనమ్మ, నేను వసారాలో చాప వేసుకునేవాళ్లం. పందేనికి చింతపిక్కలు. తలా అయిదు ముక్కలు, అదే ఎవరి చెయ్యి వాళ్లకు; ఒకే రకం రెండు పడితే పెద్ద చెయ్యి, మూడు పడితే ఇంకా పెద్దది. అందరికన్నా పెద్ద చేతికి పందెంలో సగం, అందరికన్నా చిన్న చేతికి మిగతా సగం. మధ్యలో ఉన్నవాళ్లకు గుండు సున్నా. పంచినవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు ముందుగా పందెం పలకాలి.

నేను ముందు పలకాల్సి వచ్చినప్పుడే నాకు రెండు రాజులు పడేవి. ఇక ఆగేదాన్నా! దోసెడు పిక్కలు కుమ్మరించేదాన్ని. నా తరువాత నాయనమ్మ కిక్కురుమనకుండా పందెం కలిపి, చివర్న మూడు రెళ్లు పరిచి, పెద్ద సగం కొంగులో పోసుకునేది. చిన్న సగం అమ్మకో అత్తకో పోయేది. నాకు ఏడుపొచ్చేది.

"చెయ్యి మంచిదే బిడ్డా. కూసున్న చోటే మంచిది కాదు," అనేది అత్త. "నీ ఎనక ముగ్గురున్నరు. ఆళ్ల కాడ ఏమున్నదో నీకెర్కనా? జరంత పలికి సూడు. ఎవలన్న గట్టిగ పెంచితే రాజులనైనా పడెయ్యి."

ఆమె అలాగే ఆడేది. ఆలస్యం అమృతం విషం అని నాయనమ్మ ఎత్తిపొడిస్తే, నిదానమే ప్రధానం అని నవ్వుతూ ముక్కలు పడేసేది. ఆమె పిక్కలు కుప్పలుగా పెరిగిందీ లేదు, ఏనాడూ అయిపోయిందీ లేదు. ఇంట్లో బతకడం కూడా అంతే. నాయన నోరు విప్పకముందు ఆమె ఏ సంగతిలోనూ మాట అనేది కాదు.

ఎనభైల మొదట్లో నేను పదో తరగతి పాసయ్యాను. ఖమ్మంలో కాలేజీలో సీటు, హాస్టల్లో చోటు రెండూ దొరికాయి. నాయనను అడగడమే మిగిలింది. తొందరపడొద్దు, ఆయన మాటేమిటో ముందు బయటికి రానీ అంది అత్త. సరేనని ఆగాం. చేరడానికి రేపు ఆఖరి రోజనగా, మధ్యాహ్నం అన్నం తింటూ నాయన చెప్పేశాడు. పత్తి విత్తనం పెట్టే రోజులు, పిల్ల ఇంటిపట్టున ఉంటుంది, చదివింది చాలు అని. అమ్మ తలొంచుకుంది. నాయన ఒక మాటన్నాక మా ఇంట్లో దానికి తిరుగులేదు.

అత్త గరిటె కింద పెట్టింది.

"అన్నా, పిల్ల ఖమ్మం పోతది. రేపు పొద్దుగాల బస్సుకు నేనే తీస్కపోత."

నాయన తలెత్తి చూశాడు. "నా ఇంట్ల ఉండుకుంట నాకే చెప్తున్నవా?"

"ఉండొద్దంటే గది గూడ చెప్పు. పిల్లను దింపి అట్నుంచి అటే పోత."

ఎక్కడికి పోతుంది? కొత్తగూడెంలో ఆమెకు తలుపు తీసేవాళ్లు లేరని అక్కడున్న అందరికీ తెలుసు. నాయన చెయ్యి కడుక్కుని చేనుకు వెళ్లిపోయాడు. అత్త మాకు వడ్డిస్తూనే ఉంది గానీ, సగం మెతుకులు నేల మీద పడ్డాయి.

మర్నాడు బస్సులో అడిగాను, ఎప్పుడూ ఆగమనేదానివి, నువ్వెందుకు అట్లా తెగించావని. ఆమె టికెట్లు కొంగున ముడేసుకుంటూ చెప్పింది.

"పేకాటల ఆగొచ్చు బిడ్డా. గీ ఆట పోతే ఇంకోటి పంచుతరు. నీకు మళ్ల పంచరు."

నన్ను దింపి, ఏమవుతుందోనని భయపడుతూనే ఆమె సాయంత్రం బస్సు దిగిందట. రోడ్డు మీద నాయన నిలబడి ఉన్నాడట. హాస్టలు మంచిగున్నదా అని ఒక్క మాట అడిగి, ఆమె చేతిసంచీ తీసుకుని ముందు నడిచాడట. ఈ సంగతి నాకు చెప్పినప్పుడల్లా అత్త కళ్లు తుడుచుకునేది, ఆ వెంటనే నన్నే ఏదో ఒకటి తిట్టేది.

ఇప్పుడు నేను అడవి అంచు గూడెంలో పాఠాలు చెబుతున్నాను. ఏ ఆడపిల్ల చదువైనా ఆగేలా ఉంటే వాళ్ల ఇంటికి పోయి ముందు నేనే మాట్లాడతాను. కొన్నిసార్లు ఓడిపోతాను. ఈ ఏడు మాత్రం ఇద్దరు పిల్లలు ఖమ్మం బస్సెక్కారు. ఆ ఇద్దరినీ ఎక్కించింది మా అత్తేనని నా నమ్మకం.

అత్త పోయిన ఆ రోజు నేను మా ఇల్లు చేరేసరికి వాకిట్లో మాటామాటా పెరుగుతోంది. బతికుండగా తలుపు తీయని మామయ్య తరఫువాళ్లు జీపు మాట్లాడుకుని వచ్చారు. మా ఇంటి కోడలు, మా ఊరికి తీసుకుపోతాం, పుట్టింటి నుంచి పాడె లేస్తే మాకు పరువు తక్కువ అంటున్నారు. పెద్దమనుషులు కూడా అదే పద్ధతన్నారు. అరుగు మీద కూర్చున్న నాయన కర్ర ఆనించుకుని మెల్లగా లేచాడు.

"పుట్టినిల్లు గాదు. గిది మా చెల్లె ఇల్లు. ఆమె ఇంట్లకెల్లే ఆమె పోతది."

వచ్చినవాళ్లు వాకిలికి అడ్డంగా ఉన్న జీపు పక్కకు తీశారు. పాడె వాకిలి దాటుతుండగా చినుకులు మొదలయ్యాయి. నాయన కర్ర పక్కన పడేసి, భుజం మీది తువ్వాలు తీసి, చెల్లెలి ముఖం తడవకుండా రెండు చేతులా పట్టుకుని, రోడ్డు దాకా పాడె పక్కనే నడిచాడు.