నలభై ఒకటో చింతగింజ

దీవిలో వదిలేసి వచ్చిందీ ఆమెనే. విధి విడిచి పోయిందన్న నేరమూ ఆమె మీదే మోపారు. పనిలోనుంచి తీసేశారు.

ఆమె పేరు లీలాకుమారి. బోయిగూడలో ఉంటుంది. నగర శివార్లలో చెరువు మధ్యనున్న ఒక చిన్న దీవికి పడవలు నడిపే గుత్తేదారు దగ్గర పదకొండేళ్లు పనిచేసింది. పొద్దున వచ్చినవాళ్లను దీవి రేవులో దింపుకోవడం, సాయంత్రం అందరినీ తిరిగి ఎక్కించడం ఆమె విధి. చేరిన ఏడాదే ఒక చెవిటి ముసలమ్మ బండల చాటున నిద్రపోయి దీవిలో మిగిలిపోయిందట. అప్పటినుంచి లీలాకుమారి ఒక పద్ధతి పెట్టుకుంది. దిగిన ప్రతి మనిషి చేతిలో ఒక చింతగింజ పెడుతుంది, ఎక్కేటప్పుడు తిరిగి తీసుకుంటుంది. ఒక్కో గింజ మీద సున్నపు చుక్క ఉంటుంది.

కిందటి నెల రెండో శనివారం నేరేడ్‌మెట్ నుంచి మా చర్చి వృద్ధులం నలభై ఒక్కమందిమి అక్కడికి వెళ్లాం.

"పైలం సార్. గింజ పోగొట్టిన్రనుకో, మిమ్మల్ని ఈడనే ఉంచుత," అంది లీలాకుమారి, గింజలు పంచుతూ.

"ఉంచమ్మా. మా ఇంట్ల టీవీ సప్పుడు కంటె గీ కొంగలే నయం," అన్నాడు మా దేవసహాయం.

"అమ్మగారినడిగి చెప్పున్రి ఆ మాట."

"నేనెప్పుడో ఒప్పుకున్న బిడ్డా, ఉంచుకో," అంది ఆయన భార్య ప్రేమమణి.

ఆఖరి పడవ ఆరింటికని టికెట్టు మీద అచ్చయి ఉంది. పడవ నడిపే కిషన్ మాత్రం ఐదింటికే మమ్మల్ని తొందరపెట్టి ఎక్కించాడు. అతని ఫోను ఆగకుండా మోగుతోంది. గుత్తేదారు మేనేజరని చెప్పాడు. లీలాకుమారి డబ్బాలో గింజలు రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై.

"ఒకటి తక్కువుంది కిషన్. ఎవరో ఉన్నరు లోపల."

"అందరున్నరక్కా. నేను లెక్కపెట్టిన."

"తలకాయలు కదుల్తయ్, గింజలు కదలవ్. జెర ఆగు, ఒక్క చుట్టు చూసొస్త."

ఆమె బండల వెనక్కి వెళ్లగానే ఫోను మళ్లీ మోగింది. అవతలివాళ్లు ఏమన్నారో మాకు వినబడలేదు. "అచ్ఛా సార్," అని కిషన్ ఇంజను వేశాడు. నా గడియారంలో ఐదూ పది. ఆమె ఇంకా రాలేదు కదా అని అడిగాను.

"మల్ల ట్రిప్పుంది సార్, అప్పుడు తెస్త."

మరో ట్రిప్పు లేదు. చీకటి పడుతుండగా చేపలవాళ్ల పుట్టిలో ఆమె ఒడ్డు చేరింది. అంతవరకూ, దీవిలో లేని మనిషి కోసం కేకలు వేస్తూ తిరిగింది.

ఏ కాగితమూ పారేయని అలవాటు నాది. పడవ టికెట్టును భద్రంగా కవరులో పెట్టిన చేతితోనే గింజనూ అందులో వేశాను. రేవులో ఇచ్చేశాననే అనుకున్నాను. మూడోనాడు ఫైలు తీస్తే కవరులోంచి రాలింది. వెంటనే బోయిగూడ వెళ్లి గింజ ఆమె చేతిలో పెట్టాను. ఆమె నన్ను తిట్టలేదు.

"మీ దగ్గరనే ఉన్నదా సార్? ఎవరో నీళ్లల్ల పడ్డరేమో అని నేనింక పరేషానైతున్న," అని గోడకు చేరగిలబడింది. తరువాతే పని పోయిన సంగతి చెప్పి, ఉత్తరం చూపించింది.

ఆ ఉత్తరం నకలు నా దగ్గరుంది. ప్రయాణికులెవరూ తప్పిపోలేదనీ, ఆమె అకారణంగా రేవు విడిచిందనీ, పడవ ఆరింటికే కదిలిందనీ, ఆమె వివరణ విన్నాకే నిర్ణయించామనీ రాశారు. కింద వేసిన తేదీ ఆ శనివారమే. ఆమె దీవిలో చిక్కుకుని ఉండగా వివరణ ఇచ్చిందెవరు? రెండో శనివారం మూసి ఉండే ఆఫీసులో ఆ ఉత్తరం టైపు చేసిందెవరు? లేక, ముందే సిద్ధంగా ఉందా?

గుత్తేదారు గారూ, ఆ ఫోను చేసిన మేనేజరు గారూ! ఐదూ పదికి పడవ తీయమన్నది ఎవరో, ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి. ఆమె రేవు విడవడానికి కారణం సున్నపు చుక్కతో ఇప్పుడు ఆమె డబ్బాలోనే ఉంది, వచ్చి చూడండి. తప్పు నాదని నా పేరుతో నమోదు చేసుకుని, ఆ ఉత్తరం రద్దు చేసి, లీలాకుమారిని ఆమె రేవులో తిరిగి నిలబెట్టండి.