కర్పూరం దానంతట అదే ఆరిపోయింది

మా చిన్నప్పుడు... ఇంగ్లీషు పీరియడంటే బోర్డు మీద రోజుకొక కొత్త మాట. కొత్తగా వచ్చిన మాస్టారు ఏలూరు నుంచి బస్సులో వస్తూ ఇంగ్లీషు పేపరు చదివేవారు. అందులోంచి ఒక మాట ఏరి తెచ్చి మా కొల్లేటి పిల్లల మీదకి వదిలేవారు. దానితో మేం వాక్యాలు చెప్పాలి.

ఆ రోజు మాట "అలెజ్డ్‌లీ".

"చేశాడో లేదో మనకి తెలీదు... చేశాడని అంటున్నారంతే. అలాంటప్పుడు ఈ మాట ఒకటి వేస్తే రాసినవాడికి ఏ ఇబ్బందీ ఉండదు" అన్నారు మాస్టారు.

వెనక బెంచీ రాంబాబు లేచాడు. వాడికి ఇంగ్లీషులో తన పేరే సరిగ్గా రాదు. అలాంటిది ఆ రోజు ఎక్కడలేని తెలివీ వచ్చేసింది. సుబ్బారావు చెరువు మీద మేత బస్తాలు దొంగతనంగా అమ్ముకున్నాడని, మధ్యలో ఆ కొత్త మాట తగిలించి, ఒక్క తప్పు లేకుండా చెప్పేశాడు.

సుబ్బారావు మా నాన్న. మాస్టారికి ఆ సంగతి తెలియదు పాపం. "వెరీ గుడ్" అని ఆ వాక్యాన్ని బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాశారు. క్లాసంతా నావైపే చూస్తోంది...

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఎవరన్నారో చెప్పక్కర్లేదాండీ?"

"అక్కర్లేదమ్మా. అందుకేగా ఆ మాట ఉంది!"

నాన్న ఒక షావుకారుగారి చేపల చెరువు చూసుకునేవారు. మేత వేయించడం, కాపలా, అన్నీ ఆయనే. ఆ ఏడు చెరువులో వల వేసి పట్టేసరికి చేపలు బక్కచిక్కి ఉన్నాయి. నీళ్ళు పాడయ్యాయని నాన్న ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. కానీ చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాలు ఆకివీడులో అమ్ముకుంటున్నాడట అని ఎక్కడో పుట్టిన మాట ఊరంతా తిరిగేసింది. మా ఇంటికే ఆఖరున వచ్చింది... అదీ ఇంగ్లీషులో!

సాయంత్రం అన్నం దగ్గర అంతా చెప్పేశాను. నాన్న ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు. "ఎవరన్నారో చెప్పక్కర్లేదన్నారా?" అని రెండుసార్లు అడిగారు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

మర్నాడు నేరుగా షావుకారుగారి దగ్గరికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. "చినతిరుపతి కొండకి వెళ్దామండీ. కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తాను. నేను బస్తాలమ్ముతుంటే చూశామన్నవాళ్ళు కూడా ఆర్పాలండీ మరి" అన్నారు.

మా వైపు కర్పూరం ఆర్పడమంటే ఆషామాషీ కాదు. వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే వంశానికే చేటని నమ్మకం. షావుకారుగారు సరేనన్నారు. శనివారం ఆ మాట అన్నవాళ్ళతో సహా అందరం ఆయన వ్యానులోనే బయలుదేరాం. దారంతా ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నేను మాత్రం కిటికీ పక్కన కూర్చుని, ఇవాళ్టితో తేలిపోతుంది, సోమవారం బళ్ళో రాంబాబుగాడి పని చెప్తా అని కాళ్ళు ఊపుకుంటూనే ఉన్నాను.

కొండ మెట్ల దగ్గర ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించారు.

"చూసినవాళ్ళు ముందుకి రండి" అన్నారు షావుకారుగారు.

చెరువు మీద పనిచేసే వెంకటేశు నేలచూపులు చూస్తూ, "నేను చూళ్ళేదండీ. లారీ డ్రైవరు చెప్పాడండీ" అన్నాడు.

డ్రైవరు, "నేను మటుకు చూశానాండీ? ఆకివీడులో అనుకుంటున్నారండీ" అన్నాడు.

"ఎవరయ్యా అనుకుంటుంది?"

"అదే అండీ... అందరూనండీ."

నాన్న చెయ్యి చాపారు. "ఆగు సుబ్బారావూ, ముందు వాళ్ళని తేలనియ్యి" అని షావుకారుగారు ఆపేశారు. ఆర్పెయ్యండి నాన్నా, ఆర్పెయ్యండి అని నాకు గొంతుదాకా వచ్చింది. ఈలోగా అది చిన్నదై, నీలంగా వణికి, దానంతట అదే ఆరిపోయింది...

"సరే పదండి, దర్శనానికి టైమవుతోంది" అన్నారు షావుకారుగారు. నాన్న మళ్ళీ వెలిగించమని అడిగారు. ఎవరూ వినిపించుకోలేదు.

అమ్మాడని తేలలేదు, అమ్మలేదనీ తేలలేదు. వారం తిరక్కుండానే ఊళ్ళో ఇంకో మాట... సుబ్బారావు కొండదాకా వెళ్ళి కూడా కర్పూరం ఆర్పలేదట! తర్వాతి పంటకి షావుకారుగారు వేరే మనిషిని పెట్టుకున్నారు. కారణం చెప్పలేదు, నాన్న అడగలేదు. మేం తాడేపల్లిగూడెం వచ్చేశాం. నాన్న ఉల్లిపాయల మార్కెట్లో పనికి కుదిరారు. కొల్లేటి వైపు మళ్ళీ వెళ్ళనేలేదు.

ఇప్పుడు టీవీలో కింద పరిగెత్తే అక్షరాల నిండా అదే మాట. ఫోను తీస్తే అదే... ఎవరో ఏదో చేశారట, ఎవరో ఎవరితోనో వెళ్ళిపోయారట. చదువుతుంటే నాకు స్థిమితం ఉండదు, లేచి అటూ ఇటూ తిరుగుతాను. ఆ రోజుల్లో అన్నవాడు కనీసం కర్పూరం ముందు నిలబడి నేలచూపులు చూసేవాడు. ఇప్పుడు ఆ మాత్రం సిగ్గుపడటానికి మొహం ఏదండీ?

మొన్న మా అబ్బాయి హోంవర్కు చేసుకుంటూ అలెజ్డ్‌లీ అంటే ఏంటమ్మా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వాలుకుర్చీలోంచి మా నాన్న అర్థం చెప్పేశారు, మా మాస్టారు చెప్పినట్టే. "వాక్యం కూడా కావాలా? రాసుకో... మా తాతయ్య మేత బస్తాలు అమ్ముకున్నాడట" అని నవ్వారు. వాడు నిజంగానే రాసేసుకున్నాడు.

నేను పుస్తకం లాక్కుని, రబ్బరుతో కాగితం చిరిగేలా చెరిపాను. "ఎందుకే తల్లీ, అన్నారుగా" అన్నారు నాన్న. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను అమ్మలేదు అన్న మాట ఆయన నోటితో అనలేదు... అది కర్పూరం మీదే అనాలని ఉండిపోయారు.

మీ ఇంట్లో కూడా ఇలా తేలకుండా మిగిలిపోయిన మాట ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి. విన్నవి మాత్రం వద్దండీ... మీరు చూసినవే రాయండి.