గేటు మాట

కిర్రు... కిర్రు... టక్.

మనిషి కనిపించక ముందే ఆ చప్పుడు వినిపించేది. ఇనప చక్రం తిరిగే చప్పుడు, దాని వెనకే గొలుసు గలగల. తర్వాత ఎరుపు తెలుపు చారల కమ్మి, నిద్రలో వాలిపోయే చెయ్యిలా, మెల్లగా రోడ్డుకు అడ్డంగా వాలేది. అప్పుడు గదిలోంచి బయటికొచ్చేవాడు గేటు మావయ్య. చంకలో రెండు జెండాలు, చెవి మీద పెన్సిలు.

అందరికీ ఆయన మావయ్యే. ఆయన కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. "ఈయన పుణ్యమా అని కాపురానికి వచ్చిన రోజే ఊరందరికీ అత్తనయ్యాను" అని ఆయన భార్య మూతి తిప్పేది.

గేటు పడితే రైలు దాటడానికి పావుగంట. ఆ పావుగంటే అక్కడి వాళ్లకు సంత. పట్టాలకు ఇటు పొలాలు, అటు పట్నం. ఇటువైపు సిమెంటు దింపేసి ఖాళీగా పట్నం మళ్లే లారీలు గేటు ముందు ఆగేవి. పక్కనే కూరగాయల బుట్టలతో చిన్న రైతులు. లారీ నిండే పంట ఏ ఒక్కరికీ లేదు. ముప్ఫై ఇళ్ల బుట్టలు కలిస్తే అర లారీ. మావయ్య డ్రైవరు కిటికీ పట్టుకుని, "ఒరేయ్, గాలిని మోస్తే ఏమొస్తుందిరా? ఈ బుట్టలు మొయ్యి, కిరాయికి కిరాయి, పుణ్యానికి పుణ్యం" అనేవాడు. కాగితం లేదు, సంతకం లేదు. రేపు ఇదే రైలుకి అనుకుంటే రేపు ఇదే రైలుకే.

రైలు దాటేలోపు ఇచ్చిన ఆ మాటకు అక్కడొక పేరుంది: గేటు మాట. రైలు పోతుంది, మాట పోదు అనేవాళ్లు. బొమ్మ కొనిపెడతానని తల్లి అంటే పిల్లలు కూడా "మామూలు మాటా, గేటు మాటా?" అని నిలదీసేవాళ్లు.

ఆ గేటే ఒక మధ్యాహ్నం ఒక మనిషిని ఆపేసింది. బెండతోట ఇల్లాలి భర్త గుండె పట్టుకుని ఆటోలో పడుకుని ఉన్నాడు. సిగ్నలు లేక గూడ్సుబండి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. మావయ్య ఫోనులో గొంతు పోయేలా అరిచాడు. చక్రం పిడి చేతిలోనే ఉంది, తిప్పడానికి లేదు. గూడ్సు కదిలి గేటు లేచేసరికి ఆటోవాడు ఇంజను ఆపేశాడు. ఇక తొందర లేదు.

నెల తిరక్కుండా వంతెన కోసం అర్జీ రాశారు. మొదటి సంతకం ఆమెది. రెండోది మావయ్య పెడుతుంటే ఆమె అడిగింది.

"నీ గేటు పోతుంది కదా మావయ్యా?"

"పోనీలే అమ్మాయ్. ఊపిరికి అడ్డం పడ్డాక అది గేటెందుకవుతుంది?"

నాలుగేళ్లకు వంతెన వచ్చింది. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం ముగిసింది. జెండాలు అప్పగించి ఇంటికొచ్చాడు. గేటున్న చోట గోడ లేచింది. అంబులెన్సులు వంతెన మీద పిట్టల్లా దాటుతుంటే ఆయన నిలబడి చూసేవాడు, పెదవులు కదిలేవి. ఏమనుకునేవాడో ఎవరికీ చెప్పలేదు.

కానీ వంతెన తెరిచిన రోజు ముప్ఫై ఇళ్లూ కలిసి ఒకే తప్పు చేశాయి. బుట్టలు తెచ్చి పాత గేటు దగ్గరే దించాయి. ముందురోజు అక్కడే లారీ డ్రైవరొకడు గేటు మాట ఇచ్చాడు మరి. మాట ఎక్కడ పుట్టిందో బుట్ట అక్కడే ఉండాలని వాళ్ల నమ్మకం. ఆ డ్రైవరును అందరూ హారన్ అంటారు. వాడు తీరా వంతెన ఎక్కాక కిందికి చూశాడు. వెనక బండ్లు తోసుకొస్తున్నాయి, ఆగే వీల్లేదు. పొడుగ్గా హారన్ కొట్టుకుంటూ వాళ్ల తలల మీంచి వెళ్లిపోయాడు. పొద్దు వాలేసరికి బెండకాయలు వడలిపోయాయి.

ఆ తర్వాత వారమంతా ఒక్క లారీ ఆగలేదు. ఆగాల్సిన పనేముంది? ఒక్కొక్కరే "ఈసారి విత్తనం వెయ్యం" అనడం మొదలుపెట్టారు. బెండతోట ఇల్లాలు వచ్చి మావయ్య అరుగు మీద కూలబడింది.

"వంతెన అడిగింది నేనే. ఎవర్ని తిట్టుకోను మావయ్యా? పట్నం దగ్గరైంది, లారీ దూరమైంది. నేనూ తోట దున్నేస్తాను."

"నాలుగు రోజులు ఆగు అమ్మాయ్."

తెల్లారేసరికి మావయ్య తన భార్య పాత ఎర్రచీర చెంగు చింపి కర్రకు కడుతున్నాడు.

"ఏమయ్యోయ్, బుద్ధుందా? పై అధికారులు చూస్తే పింఛను ఊడుతుంది."

"నేను రైలుని ఆపడం లేదే. లారీని ఆపుతున్నా."

"ఆగకపోతే?"

"కొత్త చీర కొనిపెడతా."

"అయితే ఒక్కటీ ఆగకూడదు దేవుడా!" అంటూనే ఆమె ముడి గట్టిగా బిగించింది.

వంతెన ఎక్కకముందు రోడ్డు కాస్త వెడల్పయ్యే చోట నిలబడ్డాడు. ఆ రోడ్డు మీద ఆయన జెండాకు ఏ అధికారమూ లేదు. "ముసలాయనా, చావాలనుందా?" అని ఒకడు. దుమ్ము కొట్టి పోయినవాళ్లు ఆరుగురు. ఎనిమిదో లారీ కీచుమంటూ ఆగింది. హారన్ దిగాడు, తల దించుకుని.

"ఎర్రజెండా చూడగానే కాలే బ్రేకు తొక్కేసింది మావయ్యా. బుద్ధికి తర్వాత తెలిసింది. ఆ రోజు మాట..."

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు బుట్టలెక్కించు."

హారన్ మిగతా డ్రైవర్లకు చెప్పాడు. అందరూ ఆగలేదు. కొత్తవాళ్లకు ఆ జెండా చీరముక్కే. ఎనిమిది ఇళ్లు అప్పటికే తోటలు వదిలి కూలికి వెళ్లిపోయాయి, తిరిగి రాలేదు. మిగిలిన ఇరవై రెండూ అక్కడ బుట్టలు దించాయి. మావయ్య పాత బల్ల ఒకటి వేశాడు. నీడకు ఎవరో రేకు కప్పారు. రైలు లేని గేటు అన్నారు దాన్ని.

ఇదంతా ఆయన ఆ బల్ల మీదే కూర్చుని నాకు చెప్పాడు. పక్కన బండ్లు పోతుంటే రేకు సన్నగా వణికేది. మిగతాది పంట చేతికొచ్చాక వచ్చి వింటానని నేను లేస్తే, జెండా ఒళ్లో పెట్టుకుని తలెత్తి చూశాడు. ఆ పంట చేతికి రాకముందే ఆయన పోయాడు. జెండా ఇప్పుడు బెండతోట ఇల్లాలి చేతిలో ఉంది. ఆ రోజు తలెత్తి ఆయన అడిగింది ఒక్కటే:

"వస్తానంటున్నావు సరే... మామూలు మాటా, గేటు మాటా?"