రాతిపొడి కింద రేగడి

ఈ మాట మోయబట్టి చాలా ఏళ్లయింది. మొదట్లో రోజూ గుర్తొచ్చేది. తర్వాత రోజూ రావడం మానింది గానీ, మనసు కాస్త తేలికపడిందిలే అనుకున్నప్పుడల్లా వచ్చి ఎదురుగా కూర్చునేది. నా భర్తకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. దీన్ని ధైర్యం అనుకోవద్దు.

నేను చేసింది వినడానికి చాలా చిన్నది. కుండీలో మట్టి కలిపినాను. కలపలేదని చెప్పినాను. ఈ రెండు ముక్కలు రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

అప్పుడు నేను నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. కరుణ అదే కాలేజీలో కెమిస్ట్రీ. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. వాళ్లది ఆళ్లగడ్డ. రోజూ బస్సులో వచ్చిపోయేది. వాళ్ల నాయన శిల్పాలు చెక్కే షెడ్డులో రాళ్లు కోసే పనికి పోయేవాడు. ఆదివారం పొద్దున కరుణ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. క్లాసులో కూడా గొంతు అట్లనే ఉండేది, పాట మొదలుపెట్టబోతున్నట్టు.

ఆ బృందం సంగతి కనుక్కొచ్చింది కరుణే. చంద్రుడి మీద మట్టి ఉండదు, రాతిపొడి ఉంటుంది, అందులో ఏ పంటైనా బతుకుతుందా అని చూసే బృందం అది. ఎన్నో దేశాల వాళ్లు ఉన్నారు. ఎవరికీ జీతం లేదు, ఇష్టం ఉన్నవాళ్లు ఎవరైనా చేరొచ్చు. రిటైరైన ఇంజనీరు ఒకాయన, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఆమె ఒకరు, చదువుకునే పిల్లలు చాలామంది. ఇంగ్రిడ్ అనే పెద్దామె అందరినీ నడిపించేది. ఎక్కడో మంచు పడే దేశం ఆమెది. ప్రతి ఆదివారం సాయంత్రం అందరం ఫోన్లలో, కంప్యూటర్లలో కలిసేవాళ్లం. "మన ఊరి రాతిపొడి ఉండాది, మన కొర్రలు ఉండాయి, మనం గూడా చేరుదాం పా అక్కా" అన్నది కరుణ. నేను నవ్వినాను. తర్వాత చేరినాను.

ఎందుకు చేరినానో మీకు చెప్పాలి. కాలేజీలో మమ్మల్ని ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. నోట్సు చదివి వినిపించి, మార్కులేసి ఇంటికి పోవడమే పని. ఇంగ్రిడ్ మాత్రం, "మీరేం చూశారు?" అని అడిగేది. అడిగి, నేను చెప్పేదాకా ఆగేది. అన్ని దేశాల మొహాలు నా వైపు తిరిగి ఎదురుచూసేవి. అంత మర్యాద నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. దానికోసమే ఇదంతా చేసినానా? దానికోసమే అనుకుంటాను.

కరుణ వాళ్ల నాయన షెడ్డులో రాలిన పొడిని జల్లించి సంచిలో పోసి ఇచ్చినాడు. సగం కరుణ తీసుకుంది, సగం నేను తీసుకున్నాను. కొర్రగింజలు కూడా ఒకే చోట కొన్నాం. బృందం పెట్టిన నియమం ఒకటే. రాతిపొడి, నీళ్లు, మొక్కకు బలానికని వాళ్లు చెప్పిన కొలత ప్రకారం కలుపుకునే మందునీళ్లు. ఇంకేదీ కలపకూడదు.

రాతిపొడి తడిస్తే ఎట్లుంటుందో మీకు తెలుసా? సిమెంటు మాదిరి బిగుసుకుంటుంది. నీళ్లు పైనే నిలబడతాయి. వేరుకు ఊపిరాడదు. మొలక వస్తుంది, పాపం గింజలో ఉన్న బలంతో వస్తుంది. రెండో ఆకు వేసేసరికి పసుపుబారి వాలిపోతుంది. కరుణవీ పోయినాయి. నావీ పోయినాయి. వేరే దేశాల్లోనూ అంతే.

ఒక ఆదివారం కుండీలు చూపించే వంతు నాకొచ్చింది, చచ్చిన మొలకలే చూపించినాను. అంతకుముందు వారం కూడా అవే. ఇంగ్రిడ్ నా దగ్గర ఎక్కువసేపు ఆగకుండా తర్వాతి మనిషి దగ్గరికి పోయింది. అది గుచ్చుకుంది. మేం అద్దెకున్న ఇంటి మిద్దె మీద ఓనరు గులాబీ కుండీలు ఉండేవి, నిండా నల్లరేగడి. అందులోంచి గుప్పెడు తీసి ఒక కుండీ అడుగున వేసి, పైన రాతిపొడి పరిచి గింజలు వేసినాను. ఒక్కటి బతికితే చాలు, ఒక్కసారి చూపించి పారేస్తాననుకున్నాను. అట్లా అనుకున్నానని ఇప్పుడు చెప్తున్నానా, నిజంగానే అట్లా అనుకున్నానా? నాకు తెలియదు. ఎందుకంటే తర్వాత మిగతా కుండీల్లో కూడా వేసినాను.

అవి పచ్చగా లేచినాయి. తెర మీద చూపించిన రోజు ఇంగ్రిడ్ చప్పట్లు కొట్టింది. ఆ ఇంజనీరాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఏం చేశారు, ఏం తేడా చేశారు అని అందరూ ఒకటే అడగడం. నేను అప్పటికప్పుడు ఒక అబద్ధం కట్టినాను. పొడిని నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, మళ్లీ ఎండబెట్టినానని చెప్పినాను. మా నంద్యాల ఎండ సంగతి మీకు తెలియదు అని నవ్వినాను కూడా. అందరూ రాసుకున్నారు.

కరుణ కూడా రాసుకుంది. ఆళ్లగడ్డలో తన మిద్దె మీద అట్లనే నానబెట్టి ఎండబెట్టింది. మొలకలు పోయినాయి. మళ్లీ చేసింది. మళ్లీ పోయినాయి. ఒకరోజు కాలేజీ వదిలినాక నాతోపాటు మా ఇంటికి వచ్చి, కుండీల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆకును వేళ్లతో తాకి చూసింది.

"అక్కా, ఒకటి అడుగుతా. ఏమనుకోవాకు."

"అడుగు."

"దీంట్లో ఏమన్నా కలిపినావా?"

"ఏం కలుపుతానే? మీ నాయన ఇచ్చిన పొడే గదా."

"అదే నాకు అర్థం గాల్యా. అదే పొడి, అవే గింజలు. నాకాడ రెండో ఆకుకే పోతాండాయి."

"నీళ్ల తేడా ఏమో. మీ బోరు నీళ్లు ఉప్పు."

"నిజంగా ఏం కలపల్యా?"

"నా మింద నమ్మకం లేదా నీకు?"

ఆ మాటకు కరుణ చటుక్కున లేచి నా చెయ్యి పట్టుకుంది. "ఛ, అట్లనొద్దక్కా. నువ్వు చెప్పినాక ఇంగేముంది? నా చెయ్యే మంచిది గాదేమో."

తప్పు నీ చేతిది కాదని చెప్పడానికి నాకు అక్కడే సమయం ఉండింది. మిద్దె మీద మేమిద్దరమే. చెప్పి ఉంటే కోపం చేసుకునేది, నాలుగు రోజులు మాట్లాడేది కాదు, తర్వాత నవ్వేది. కరుణ అట్లాంటి మనిషి. నేను చెప్పలేదు.

మర్నాటి నుంచి కరుణ మా ఇంటి నీళ్లకని క్యాన్లు తెచ్చుకునేది. సాయంత్రం మా ఇంటి కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కేది. దారికి అడ్డమని కండక్టరు తిట్టేవాడంట, కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చునేదంట. నవ్వుకుంటూ చెప్పేది. ఆ క్యాన్లకు పైపు పట్టుకుని నీళ్లు నింపింది నేనే. ఏ తేడా రాదని తెలిసీ నింపినాను. అన్ని నెలలు ఎట్లా నింపగలిగినాను? పైపు పట్టుకున్న ఆ చెయ్యి నాదేనా?

బృందంలో మాట మారింది. నంద్యాలలో వచ్చింది, పక్కనే ఉన్న ఆళ్లగడ్డలో రాలేదంటే చేసే మనిషిలోనే లోపం అనుకున్నారు. ఇంగ్రిడ్ మెత్తగానే చెప్పింది, పద్ధతిని ఇంకాస్త శ్రద్ధగా పాటించమని. ఇంకొకాయన, కరుణను పెంచే పని నుంచి తప్పించి మీటింగుల్లో మాటలు రాసిపెట్టే పని ఇద్దామన్నాడు. కరుణ తెర మీద తలూపి సరేనంది. నా మైకు ఆపి ఉంది. నేను దాన్ని తెరవలేదు. కొన్ని వారాలకు తెర మీద కరుణ మొహం కనబడకుండా పోయింది. అదే ఏడాది కాలేజీ కూడా మానేసింది.

నాకేమో అంతా కలిసొచ్చింది. బృందం రాసిన వ్యాసంలో నా పేరు ముందు పెట్టినారు. కాలేజీలో శాలువా కప్పినారు. ఆ వ్యాసాన్ని చూపించే తర్వాత మంచి కాలేజీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పటికీ పిల్లలు అడుగుతారు, చంద్రుడి మీద కొర్రలు పండుతాయా మేడం అని. పండుతాయని చెప్తాను.

ఆ నానబెట్టి ఎండబెట్టే పద్ధతి ఇంకెవ్వరికీ పనిచేయలేదు. ఒక దేశంలో చదువుకునే అమ్మాయి తన పరిశోధనంతా దాని మీదే పెట్టుకుని, ఏడ్చి వదిలేసింది. ఒక్కొక్కరే తగ్గిపోయినారు. చివర్లో ఇంగ్రిడ్‌కు జబ్బు చేసింది. మంచం మీద నుంచే మాట్లాడింది. ఎవరూ నిరాశపడొద్దు, నంద్యాలలో ఒకసారి వచ్చింది, ఒకసారి వచ్చింది మళ్లీ వస్తుంది అన్నది. అదే నమ్మకంతో పోయింది. ఆమెకు చెప్పడానికి ఇక దారి లేదు. ఆమె పోయినాక బృందమూ లేదు.

కరుణ ఇప్పుడు ఆళ్లగడ్డలో ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. పోయినేడు మా బంధువుల పెళ్లి బట్టలకని పోతే కనబడింది. నన్ను చూసి ఎంత సంతోషపడిందో. స్టూలు వేసింది, నీళ్లు తెచ్చింది. మేం మాట్లాడుకుంటూ ఉండగా బడి వదిలి వాళ్ల పాప వచ్చింది, చేతిలో చిన్న కవర్లో టమాటా నారు. టీచరు ఇచ్చిందంట. కరుణ దాన్ని చూసి, "మన చేతికి చెట్లు రావు గదమ్మా, పక్కింటి అవ్వకియ్యి పో" అన్నది. బాధపడుతూ అనలేదు. ఈరోజు ఎండగా ఉంది అన్నట్టు అన్నది. పాప కూడా అంతే మామూలుగా తలూపింది.

నోరు తెరిచినాను. చీర రంగు బాగుందన్నాను. కొనుక్కుని నంద్యాల బస్సెక్కినాను.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ దాన్ని పక్కకు తోస్తూ రాసుకుంటూ వచ్చినాను.

బృందం వదిలేయకముందు కరుణ నన్ను ఒక కుండీ అడిగింది. వారం రోజులు ఇస్తే చాలక్కా, వేరు ఎట్లా పోతాందో చూస్తా అన్నది. అందరిలో ఆ ఆలోచన వచ్చింది కరుణకొక్కదానికే. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాను. శనివారం పొద్దున మా ఆయన డ్యూటీకి పోయినాక కుండీలన్నీ సంచుల్లో గుమ్మరించి, ఆటోలో తీసుకుపోయి కేసీ కాలువలో పారేసినాను. ఇంటికొచ్చి కరుణకు ఫోన్ చేసి, కోతులొచ్చి అన్నీ పడేసినాయని చెప్పినాను.

 అటువైపు నుంచి ఏడుపు వినబడింది. తనకు దొరకాల్సిన కుండీ పోయిందని ఏడుస్తోందనుకున్నాను. "ఎంత కష్టపడి పెంచుకుంటివక్కా" అన్నది. ఏడవద్దని నాకు చెప్పింది. నేను ఏడవడం లేదు. మళ్లీ వేసుకుందాం, నాయనతో చెప్పి పొడి తెప్పిస్తానంది. ఫోన్లోనే నాకోసం ప్రార్థన చేసింది. నా మనసుకు ఓదార్పు ఇవ్వమని ప్రభువును అడిగింది. చివర్లో ఆమెన్ అనమంది.

అన్నాను.

రాసేసినాను. ఇన్నాళ్లూ మోసిన బరువు కొంచెం తగ్గింది. అది నాకు. ఆళ్లగడ్డలో ఆమెకు ఏమీ మారలేదు.