అప్ప సంచిలో లేని సానరాయి

కార్తీక బహుళ తదియ, శనివారం. పొద్దున్న శ్రీకాకుళంలో మా ఇంటి వరండాలో ఉన్నవారు: నేను, మా అప్ప, మా ఆవిడ, స్ప్రింగు తక్కెడ పట్టుకొచ్చిన ఎదురింటి కిరాణా షావుకారు.

ఆ రోజు డైరీలో ఇంతే రాశాను. మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అప్ప అంటే మా అక్క. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో ఉంటుంది. ఆమె కూతురికి హైదరాబాదులో ఆడపిల్ల పుట్టింది. అప్పకి మోకాళ్ళు పట్టేసి ఉండడంతో పురుడు అత్తవారే పోశారు. ఆ సంగతి అప్పని లోపల తొలుస్తూనే ఉంది. ఆదివారం బారసాల. రాత్రంతా రైల్లో కూర్చోలేదని మా ఇద్దరికీ విమానం టికెట్లు నేనే తీశాను. చవక రకం టికెట్లు. మనిషికి ఒక్క చేతిసంచి, ఏడు కిలోలు మించకూడదు. అంతకు మించి వెంట తీసుకెళ్ళడానికి లేదు.

ఉద్యోగమంతా రైల్వే పార్సెల్ ఆఫీసులో చేసినవాణ్ణి. జనం మూటలు తూచి, ఎక్కువైతే వెనక్కి పంపినవాణ్ణి. అలాంటి నా సంచి ఒక్క పిసరు ఎక్కువైనా నాకు తలవంపులే. అందుకే షావుకారుని తక్కెడతో రమ్మన్నాను.

నా సంచి సరిగ్గా ఏడు తూగింది. అప్పది కొక్కేనికి తగిలించగానే ముల్లు ఎనిమిది దాటిపోయింది.

"బాబుగోరూ, ఇందులో ఏటెట్టారు? ఊరంతా మూట కట్టీసినట్టున్నారు!" అన్నాడు షావుకారు.

అప్ప నవ్వింది. "సంటిదాని సానరాయి నాయినా. ఊరికంటే అదే బరువు."

అది అరచేతి వెడల్పున ఉన్న నల్లరాయి. శ్రీముఖలింగం దగ్గర వంశధార రేవులో అప్ప అత్తగారికి దొరికిందట. ఆ ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా బారసాల నాటి పొద్దున్న ఇంటి పెద్దావిడ తలస్నానం చేసి, ఆ రాయి మీద తల్లిపాలతో వస కొమ్ము అరగదీసి బిడ్డ నాలుక మీద రాయాలి. మాట బాగా వస్తుందని వాళ్ళ నమ్మకం. అప్ప పిల్లలందరికీ ఆ రాయి మీదే అరగదీశారు. ఇప్పుడు ఇంటి పెద్దావిడ అప్పే. పురుడు పొయ్యలేకపోయినా ఈ ఒక్కటీ తన చేత్తో చెయ్యాలని, రాయిని పాత పంచెగుడ్డలో చుట్టి తెచ్చుకుంది.

ఆ సంచిలోనే నా సరుకూ ఒకటుంది. పలాస జీడిపప్పు పొట్లం. హైదరాబాదులో ఉంటున్న నా పాత ఆఫీసరుగారికి తెస్తానని ఫోనులో మాటిచ్చాను. నా సంచిలో పట్టక అప్ప సంచిలో సర్దాను.

"పప్పు తీసెయ్యండి. ఆయన మీ జీడిపప్పు కోసం ఏం కాసుకుని కూసోలేదు," అంది మా ఆవిడ.

"అదే మరి! హైదరాబాదులో జీడిపప్పు దొరకదేటి?" అన్నాడు షావుకారు.

"ఒరే తమ్ముడా, ఏది తీసినా తియ్యి గానీ రాయి మాత్రం ముట్టుకోకు," అంది అప్ప.

"చూస్తాలే," అన్నాను.

వాళ్ళు ముగ్గురూ కాఫీలకు లోపలికి వెళ్ళారు. నేను సంచి తెరిచాను. ముందు పప్పు పొట్లమే చేతిలోకి తీసుకున్నాను. ఆఫీసరుగారు గుమ్మంలో నిలబడి "గుర్తు పెట్టుకుని తెచ్చావే!" అనడం కళ్ళ ముందు కనిపించింది. పొట్లం మళ్ళీ లోపల పెట్టి, రాయి బయటికి తీశాను. రాయిదేముంది, ఏ గచ్చు మీద అరగదీసినా వస వసే కదా అనుకున్నాను. సెక్యూరిటీ వాళ్ళు రాయిని ఆపుతారేమో అన్న సాకు తరవాత దొరికింది. ఆ క్షణంలో అది నా బుర్రలో లేదు.

రాయిని బీరువా కింది అరలో పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే సగం తప్పే అయ్యేది. పార్సెల్లో ఖాళీ వదిలితే లోపలి సరుకు కదిలిపోతుంది. ఆ అలవాటు కొద్దీ నా తువ్వాలు గట్టిగా చుట్టి, అప్ప పంచెగుడ్డలో పెట్టి, ఆమె వేసిన ముడే మళ్ళీ వేసి, అదే చోట ఇరికించాను. సంచి ఏడుకి లోపలే తూగింది.

"సరిపోయిందేట్రా? రాయి ఉంది కదా?" అని అప్ప అడిగింది.

"ఉంది," అన్నాను.

విశాఖ విమానాశ్రయంలో మా ముందు ఒకతను సంచి బరువు తగ్గించుకోవడానికి మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. కౌంటరులో ఉన్న అమ్మాయి అతన్నీ, మమ్మల్నీ ఒక్క చూపు చూసి, సంచులకు కాగితం చీటీలు తగిలించి పంపేసింది. ఎవరి సంచీ తూచలేదు.

"మనది తూకం ఎయ్యరేటి?" అంది అప్ప. చక్కగా సర్దుకొచ్చిన సంచిని ఎవరూ మెచ్చుకోలేదని ఆమె బాధ. నేను ఆమె సంచి అందుకుని గబగబా ముందుకు నడిచాను.

విమానంలో సంచి పై అరలో పెట్టబోతే ఒప్పుకోలేదు.

"వద్దురా, రాయున్నాది. జారితే ఎవరి బుర్ర పగులుతాదో."

ఒళ్ళో పెట్టుకుంటానంది. విమానం అమ్మాయి కుదరదని, సంచిని ముందు సీటు కిందకి తోసింది. అప్ప కాసేపు ఆ సంచి వంకే చూసింది. తరవాత చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ తన సీటు కిందకి వెనక్కి ముడుచుకుంది.

"అప్పా, మోకాళ్ళు పట్టేస్తాయి. చాపుకో," అన్నాను.

"ఓరి, మా అత్త రాయిరా అది. కాలు తగలొచ్చా?"

హైదరాబాదులో దిగేవరకూ ఆమె అలాగే కూర్చుంది. మధ్యలో ఒకసారి నొప్పికి పళ్ళు బిగించడం చూశాను. ఆమె కాలు తగలకుండా కాపాడుతున్నది నా తువ్వాలుని. "చాపుకో, అందులో రాయి లేదు" అంటే అయిపోయేది. కిటికీలోంచి మబ్బులు చూస్తున్నట్టు ముఖం తిప్పుకున్నాను. దిగేటప్పుడు మోకాళ్ళు సాగక, నా భుజం పట్టుకునే లేచింది.

సాయంత్రం మా మేనకోడలి ఇంట్లో బిడ్డని చూసుకుని, వియ్యపురాలి ముందు అప్ప సంచి విప్పింది. పాత మెత్తటి గుడ్డలు, బిడ్డకి చొక్కాలు, జీడిపప్పు పొట్లం ఒక్కొక్కటే తీసి పెట్టింది. ఆఖరున రెండు చేతులతో పంచెగుడ్డ మూట ఎత్తింది. ఎత్తగానే ఆమెకి తెలిసిపోయింది. అయినా ముడి విప్పింది. నా తువ్వాలు దొర్లి నేల మీద పడింది.

"ఏట్రా ఇది?"

"బరువు ఎక్కువైంది అప్పా."

అప్ప పొట్లం వంక చూసింది. "ఇది తూగలేదేటి?"

నేను వంగి తువ్వాలు తీసుకున్నాను. మేనకోడలు తల్లి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అమ్మా. వంటగట్టు మీద అరగదీద్దాం. మావయ్య కావాలని చేశాడేటి," అంది.

కావాలనే చేశాను. అక్కడ ఆ మాట అనలేకపోయాను. వియ్యపురాలు మర్యాదగా పక్కకి చూసింది. అప్ప పంచెగుడ్డ నాలుగు మడతలు వేసి తలగడ కింద పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఇల్లంతా నేతి వాసన. అప్ప అప్పటికే తలస్నానం చేసి, తడిజుట్టుతో పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పక్కనే నా ఆఫీసరుగారి పొట్లం చింపి ఉంది. పప్పంతా మూకుడులో ఎర్రగా వేగుతోంది.

"పాయసంలోకిరా," అంది, వెనక్కి తిరక్కుండానే. "మీ ఆఫీసరుకి సెప్పు, తూకం ఎక్కువైపోనాదని."

బారసాల జరిగింది. బిడ్డకి పేరు పెట్టారు. వస మాత్రం రాయలేదు. వంటగట్టు మీద అరగదీద్దామని వియ్యపురాలు కూడా అంది. అప్ప తల అడ్డంగా ఊపింది.

"పేరెట్టీసాం, సాలు. రాయొచ్చాక నాలిక్కి రాస్తాను. అందాకా నానిక్కడే ఉంటాను."

అందరికంటే ముందు నాకే పాయసం పెట్టింది. గిన్నె నిండా జీడిపప్పే. తినకపోతే ఎందుకని అడుగుతారు, అందుకని తిన్నాను.

ఆఫీసరుగారికి ఫోను చెయ్యలేదు. మేనకోడలి భర్త చేత అతని ఫోనులోనే ఆ రోజు బండికి మా శ్రీకాకుళం స్టేషను ఆమదాలవలసకి టికెట్టు తీయించాను. బయలుదేరుతుంటే అప్ప కుంటుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. తలగడ కింద పెట్టుకున్న పంచెగుడ్డ నా చేతిలో పెట్టింది.

"ఇందులో సుట్టి తే. ఒళ్ళో ఎట్టుకుని రా. బండిలోనే రా, ఇమానం ఎక్కకు."

"అలాగే అప్పా," అన్నాను. ఆ గుడ్డకి ఇంకా నా తువ్వాలు వాసనే వస్తోంది.